400 ఇళ్లలో ‘కొంటాం’ అన్నారు, షాపుల్లో ప్యాకెట్లు కదలట్లేదు. శాంపిల్ పెంచితే సరిపోతుందా?

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. మాది చిన్న సర్వే ఏజెన్సీ. చోడి (రాగి) పిండిలో పాలపొడి, బెల్లం కలిపి మాల్ట్ ప్యాకెట్లు చేసే ఒక చిన్న కంపెనీ కోసం జిల్లాలో సర్వే చేశాం. శ్రీకాకుళం టౌను, ఆమదాలవలస, నరసన్నపేట, టెక్కలి కలిపి 400 ఇళ్లు. "ఈ ప్యాకెట్ 90 రూపాయలకు దొరికితే కొంటారా?" అని అడిగితే పదిమందిలో ఏడుగురు కొంటామన్నారు. ఆ ధైర్యంతో వాళ్లు సరుకు దింపారు. ఇప్పుడు షాపులవాళ్లు అట్టపెట్టెలు వెనక్కి తీసుకుపొమ్మంటున్నారు.

400 చాలక ఇలా అయిందని ఓనరు గారి నమ్మకం. 2000 ఇళ్లు చేయమంటున్నారు. డబ్బు ఆయనే పెడతానంటున్నారు కాబట్టి మా బాస్‌కి అభ్యంతరం లేదు. నాకే మనసొప్పడం లేదు. శాంపిల్ పెంచితే ఇది సర్దుకుంటుందా?

లెక్కల_మేష్టారు (విజయనగరం)

ముందు లెక్క చూద్దాం. సరైన పద్ధతిలో, చీటీ తీసినట్టు ఎంపిక చేసిన 400 మందితో వచ్చే శాతానికి అటూ ఇటూ సుమారు 5 శాతం తేడా ఉండొచ్చు. నూటికి 95 సార్లు అసలు సంఖ్య ఆ పరిధిలోనే ఉంటుందన్నమాట. అదే 3 శాతానికి తగ్గించాలంటే 1067 మంది కావాలి. 2000 చేస్తే 2.2. ఖర్చు అయిదింతలు, తేడా సగానికి కొంచెం తక్కువ. ఒక్క జిల్లా అయినా దేశం మొత్తమైనా ఈ లెక్క దాదాపు మారదు. చాలామందికి ఇది మింగుడుపడదు.

మీకొచ్చింది 70. అటూ ఇటూ 5 వేసుకున్నా కనీసం 65 మంది కొనాలి. షాపులో పదిమంది కూడా కొనడం లేదంటే ఆ తేడా శాంపిల్ చిన్నదవడం వల్ల వచ్చేది కాదు. రాయి కట్టిన తక్కెడలో ఎన్నిసార్లు తూచినా బరువు సరిపడదు కదా. కాబట్టి మూడు సంగతులు చెప్పండి. ఇళ్లు ఎలా ఎంచారు? ఏ వేళలో వెళ్లారు? ఇంట్లో ఎవరిని అడిగారు?

నాగావళి_ఒడ్డు

మేష్టారూ, ఊరికి 5 వీధులు, వీధికి 20 ఇళ్లు. వీధి మొదట్లో నిలబడి కుడిచేతి వైపు నుంచి ప్రతి అయిదో ఇల్లు. తాళం వేసుంటే పక్కిల్లు. ఉదయం పది నుంచి సాయంత్రం అయిదు దాకా. వంటింటి సరుకులు కొనేవాళ్లను అడగాలని రాసుకున్నాం గానీ, ఎవరుంటే వాళ్లను అడిగిన ఫారాలూ ఉన్నాయి.

ఫీల్డ్_పిల్ల (ఎచ్చెర్ల)

నేను ఇలాంటి సర్వేలకే తిరుగుతాను కాబట్టి కాగితం మీద లేనిది చెప్తాను, ఏమనుకోకండి.

ఫారానికి ఇంత అని లెక్కగట్టి డబ్బులిస్తారు. రోజుకి ఇన్ని చేయాలని టార్గెట్. అయిదో ఇంటి ముందు కుక్క ఉంటే ఆరోదే అయిదోది అవుతుంది. మేడమీది వాటాలకు ఎవరూ ఎక్కరు. వీధి మొదలంటే ఆటో దిగిన చోటే. ఇంక ఫారం పొడుగు గురించి చెప్పక్కర్లేదు. ముప్పయ్యో ప్రశ్న దాటాక ఆవిడ పొయ్యి మీద కూర వైపు చూస్తుంటుంది, నేను గడియారం వైపు చూస్తుంటాను. "చాలా ఇష్టం, ఇష్టం, పర్వాలేదు..." అని అయిదు ముక్కలూ చదివే ఓపిక ఎవరికీ ఉండదు. "బాగుంటాదా అమ్మా?" అని నేనే అడిగేస్తాను, "బాగుంటాది బావూ, రాసుకో" అంటుంది. అక్కడి నుంచి చివరిదాకా అన్నిటికీ ఒకే గడిలో టిక్కు. ఆఫీసులో ఆ కాగితం చూస్తే చక్కగా నింపిన ఫారమే.

అసలు ఇంటికే వెళ్లకుండా టీ కొట్టు బెంచీ మీద కూర్చుని నింపేసేవాళ్లు వేరే. నేను మాట్లాడేది నిజంగా తిరిగేవాళ్ల గురించి.

దాసన్నపేట_డిజిటల్ (విజయనగరం)

ఈ రోజుల్లో ఇంకా ఇంటింటికీ తిరగడమేంటి బాస్? గూగుల్ ఫారం చేసి వాట్సాప్ గ్రూపుల్లో పడేయండి. రెండ్రోజుల్లో 5000 రెస్పాన్సులు. మధ్యలో మనిషి ఉండడు కాబట్టి టిక్కుల గోలా ఉండదు. ఖర్చు సున్నా.

గంటస్తంభం (విజయనగరం)

డిజిటల్ నాయనా, ఏ గ్రూపుల్లో పడేస్తావు? మన అపార్టుమెంటు గ్రూపు, ఇంజినీరింగు బ్యాచ్ గ్రూపు, వాకింగ్ గ్రూపు. అక్కడ 5000 మంది నింపినా వాళ్లంతా నీలాంటి వాళ్లే. చోడి అంబలి రోజూ తాగే ఇల్లు ఏ గ్రూపులో ఉంది? ఇంట్లో ఫోన్ ఒకటే ఉంటే అది పొద్దున్నే మగాడి జేబులో పనికి పోతుంది. సరుకులు కొనే ఆవిడకి నీ లింకు చేరేదెప్పుడు?

ఈ ఘనకార్యం అమెరికాలో 1936లోనే జరిగింది. లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక కోటి మందికి ఉత్తరాలు పంపి, అధ్యక్ష ఎన్నికలో రూజ్‌వెల్ట్ ఓడిపోతాడని తేల్చింది. ఆయన 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. రెండేళ్లకు పత్రికే మూతపడింది.

లెక్కల_మేష్టారు

దానికో చిన్న చేర్పు. టెలిఫోన్, కార్ల జాబితాల్లోంచి పేర్లు తీశారు, అందుకే డబ్బున్నవాళ్లే వచ్చారు అని ఆ కథ చెప్పి వదిలేస్తారు. అది సగమే. కోటి ఉత్తరాలకు తిరిగొచ్చినవి 24 లక్షల లోపే. పనిగట్టుకుని జవాబు పంపేవాళ్లు, పంపనివాళ్లు ఒకేలా ఆలోచించరు. అంటే జాబితాలో ఒక లోపం, జవాబివ్వని వాళ్ల దగ్గర ఇంకో లోపం. రెండూ ఒకే వైపు లాగాయి. అదే ఎన్నికలో గాలప్ అనే సర్వేల ఆయన దాదాపు 50 వేల మందితో ఎవరు గెలుస్తారో సరిగ్గా చెప్పాడు.

అలాగని గాలప్‌ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. 1948 అధ్యక్ష ఎన్నికలో డ్యూయీ గెలుస్తాడని ఆయనా చెప్పాడు, ట్రూమన్ గెలిచాడు. ఇంతమంది ఆడవాళ్లు, ఇంతమంది మగవాళ్లు, ఫలానా వయసువాళ్లు ఇందరు అని కోటా ఇచ్చి, ఆ కోటాలో ఎవరిని పట్టుకోవాలో తిరిగేవాళ్లకు వదిలేశారు. పోలింగుకి ముందే సర్వే ఆపేశారు కూడా. మనవాళ్లు ఇప్పటికీ మార్కెట్ సర్వేలకు ఎక్కువగా కోటాలే వాడతారు, చవక కాబట్టి. వాడితే వాడండి, దానికి ప్లస్ మైనస్ 3 శాతం అని మాత్రం బోర్డు పెట్టకండి. ఆ సూత్రం చీటీ తీసిన శాంపిల్‌కే.

టెక్కలి_కిరాణా (టెక్కలి)

నాది చిన్న కొట్టు. సర్వేల సంగతి నాకు తెలీదు, ఆ ప్యాకెట్ మాత్రం నా అరలోనే ఉంది.

మీరు ప్యాకెట్ చేతికిచ్చి, ఒక గ్లాసుడు కలిపి తాగించి, నవ్వుతూ నిలబడి "కొంటారా అమ్మా?" అంటే లేదని ఎవరంటారండీ? గుమ్మంలోకి వచ్చిన మనిషి మొహం మీద ఆ మాట అనరు. మర్నాడు నా కొట్టుకొచ్చి ఆ ఇల్లాలే "మిల్లు పిండి కిలో ఎంత?" అంటుంది. చోళ్లు తెచ్చుకుని మిల్లులో ఆడించుకునేవాళ్లే ఇక్కడ ఎక్కువ. వాళ్ల ఇంట్లో సగం బస్తా ఉంది, 90 రూపాయల ప్యాకెట్ దేనికి? మీ ఫారంలో ఇప్పుడు ఏం తాగుతున్నారు, పిండి ఎక్కడి నుంచి వస్తోంది అని ప్రశ్న ఉందా? ఇంకోటి, మా దగ్గర కదిలేది 5 రూపాయల, 10 రూపాయల సాచెట్. 90 రూపాయల వస్తువు నెల మొదట్లో జీతం వచ్చిన ఇంటికి తప్ప పోదు.

నాగావళి_ఒడ్డు

అన్నా, ఆ ప్రశ్న లేదు. రుచి గురించి 11 ప్రశ్నలు ఉన్నాయి. కంపెనీవాళ్లు పంపిన ఫారమే వాడాం, ముందు తాగించి తర్వాత ధర చెప్పమన్నారు.

లెక్కల_మేష్టారు

టెక్కలి అన్నగారు చెప్పింది పాఠ్యపుస్తకంలో పది పేజీల అధ్యాయం. "కొంటారా?" అనేది జరగని దాని గురించి అడిగే ప్రశ్న. దానికి వచ్చే జవాబు మర్యాద. జరిగినదాన్ని అడగాలి. నిన్న పొద్దున్న మీ ఇంట్లో ఏం తాగారు? పిండి చివరిసారి ఎప్పుడు తెచ్చారు, ఎక్కడ, ఎంతకి? ఇలాంటివి అడిగాక చివర్లో ధర పెట్టాలి.

ధర కూడా అందరికీ ఒకటే చెప్పకుండా ఇళ్లను చీటీ తీసి విడగొట్టండి. కొందరికి 60, కొందరికి 75, కొందరికి 90. ఒక ఇంటికి ఒక ధరే. మూడు గుంపుల్లోనూ ‘కొంటాం’ శాతం ఒకేలా వస్తే, వాళ్లు ధరకి కాదు, మీ మొహానికి జవాబు చెప్తున్నారని అర్థం. ధర పెరిగేకొద్దీ శాతం పడితే అది కాస్త నమ్మదగిన సమాచారం. 70 అనే అంకె మీద నాకు నమ్మకం లేదు గానీ, 60కీ 90కీ మధ్య పడిపోయిన తీరు మీద కొంత నమ్మకం ఉంటుంది.

ఎన్ని రోజుల వెనక్కి అడగాలన్న విషయంలో కూడా జాగ్రత్త. "గత నెలలో ఎంత ఖర్చు పెట్టారు" అంటే మరిచిపోయినవి పోతాయి. "గత వారం" అంటే పదిరోజుల కిందటిది కూడా వారంలోకి జరిపి చెప్తారు. మన జాతీయ శాంపిల్ సర్వే 1999-2000 నాటి 55వ విడతలో తిండి ఖర్చుని ఏడు రోజులకీ ముప్పై రోజులకీ ఒకే ఫారంలో పక్కపక్కనే అడిగింది. ఒక జవాబు ఇంకో జవాబుని ప్రభావితం చేసిందన్న వాదన లేచి, ఆ ఏడాది పేదరికం అంచనాలను పాతవాటితో పోల్చవచ్చా అని ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి తగువులాడారు. ఎన్ని రోజుల వెనక్కి అడగాలన్న చిన్న సంగతికి దేశంలో పేదల లెక్కే వివాదమైంది.

గంటస్తంభం

తాళాల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. నేను సూపర్‌వైజరుగా చేసిన రోజుల్లో నన్ను ఎక్కువ ఏడిపించింది అదే. పదకొండు గంటలకు ఏ ఇంటికి తాళం ఉంటుంది? మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇల్లు, ఇద్దరూ కూలికి పోయే ఇల్లు, వలస పోయిన ఇల్లు. తీరం వైపు వెళ్తే మగవాళ్లు గుజరాత్‌లోని వేరావల్‌కి చేపల వేటకి పోయి నెలలు నెలలు ఉండరు. పక్కింటికి వెళ్తే దొరికేది ఎవరు? ఇంటిపట్టున ఉండే ముసలమ్మ, పాపం తీరిగ్గా మాట్లాడుతుంది. మీ మాల్ట్ ప్యాకెట్ అవసరం ఎవరికి? పొద్దున్నే టిఫిన్ చేసే టైము లేని ఆ తాళం ఇంటికే. వాళ్లను వదిలేసి ముసలమ్మకి తాగించొచ్చారు.

తాళం ఉంటే పక్కిల్లు అనే నియమం తీసేయండి. అదే ఇంటికి మూడుసార్లు వెళ్లండి, ఒకటి సాయంత్రం ఏడు తర్వాత, ఒకటి ఆదివారం. అయినా దొరక్కపోతే ‘దొరకలేదు’ అని రాసుకోండి. ఎన్ని ఇళ్లు దొరకలేదో రిపోర్టులో వేయని సర్వేని నేను చదవను.

ఫీల్డ్_పిల్ల

గురువుగారూ, రాత్రి ఏడు తర్వాత ఆడపిల్లని తెలియని ఊరికి పంపేటప్పుడు తోడు ఎవరు, ఆటో డబ్బులు ఎవరిస్తారు అన్నది కూడా అదే నియమంలో రాయండి. మూడోసారి వెళ్లిన ఇంటికి కూడా ఫారం నింపితేనే డబ్బు అంటే, రెండోసారికే ఆ ఇల్లు మాయమవుతుంది. ఫారానికి కాకుండా రోజుకి కూలి ఇవ్వండి. సగం దొంగ ఫారాలు అక్కడే ఆగిపోతాయి.

గంటస్తంభం

నిజమే తల్లీ. ఒప్పుకున్నాను.

బొబ్బిలి_పెద్దాయన (బొబ్బిలి)

నేను వ్యవసాయ గణాంకాల్లో పనిచేసి రిటైరయ్యాను. మార్కెట్ తెలీదు గానీ కొలత తెలుసు.

పంట కోత ప్రయోగాల్లో వరి చేలో 5 మీటర్ల చదరం ముక్క కొలిచి, కోసి, నూర్చి తూచేవాళ్లం. తాడు కట్టాక సరిగ్గా తాడు కిందకి వచ్చిన దుబ్బు లోపలిదా బయటిదా అన్నది పెద్ద తకరారు. కోసేవాడి చెయ్యి దాన్ని లోపలికే లాగుతుంది, మంచి దుబ్బయితే మరీనూ. ముక్క ఎంత చిన్నదైతే దాని వైశాల్యంలో అంచు వాటా అంత ఎక్కువ, కాబట్టి దిగుబడి అంత ఎక్కువగా కనిపిస్తుంది. స్వాతంత్ర్యం చుట్టుపక్కల రోజుల్లో గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ గారు చిన్న ముక్కలు చాలన్నారు, మరో గణాంక శాస్త్రవేత్త సుఖాత్మె గారు పెద్దవి కావాలన్నారు, ఇద్దరికీ పెద్ద వాదమే నడిచింది. చిన్న ముక్కలు వెయ్యి కోసినా ఆ అంచు తప్పు పోదు. మేష్టారు చెప్పిన తక్కెడ మాటే ఇది.

అదే మహలనోబిస్ దగ్గర మీకు పనికొచ్చే ఉపాయం ఒకటుంది. బెంగాల్‌లో జనపనార సర్వేలు చేసినప్పుడు ఒకే ప్రాంతానికి రెండు విడి శాంపిళ్లు తీసి, రెండు వేర్వేరు జట్లకిచ్చారు. ఒక జట్టు ఏం చేసిందో ఇంకో జట్టుకి తెలియదు. రెండింటి అంచనాలూ దగ్గరగా వస్తే సరే. దూరంగా వస్తే తప్పు పొలంలో లేదు, జట్టులో ఉంది. ఆయన 1931లో కలకత్తాలో పెట్టిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కే మన వాల్తేరులో లెక్కల ఎమ్మే చదివిన సి.ఆర్. రావు గారు వెళ్లారు. ఆ సంగతి చెప్పుకోవడం నాకు సరదా, వదిలేయండి.

ఇంకొకటి. వయసుల కాలం చూడండి. మనవాళ్లు వయసు అడిగితే 40, 45, 50 అని చెప్తారు. నిజంగా అడిగి రాసిన ఫారాల్లో 0, 5 అంకెల దగ్గర గుట్టలు పడతాయి, జనగణనలోనూ అంతే. ఒక్క కుర్రాడి ఫారాల్లో మాత్రం 37, 42, 53, 46 అని చక్కగా పరుచుకుని ఉంటే ఆ ఇళ్లకు ఫోన్ చేసి కనుక్కోండి.

దాసన్నపేట_డిజిటల్

పెద్దాయనా, ఈ వయసు ట్రిక్కు అదిరింది. వాట్సాప్ వద్దన్నారు సరే, ట్యాబ్ అయినా వాడొచ్చా? ఏ ఇంట్లో ఎన్ని నిమిషాలు కూర్చున్నారో, జీపీఎస్ ఎక్కడుందో దానంతటదే పడుతుంది. 48 ప్రశ్నలు నాలుగు నిమిషాల్లో అయిపోతే ఎవరికైనా తెలుస్తుంది.

లెక్కల_మేష్టారు

అది మంచి మాట, తప్పకుండా వాడాలి. జవాబుల వరసను మనిషి మనిషికీ ట్యాబే మార్చి చూపిస్తుంది కూడా. చదివి వినిపిస్తే చివరగా విన్నదాన్నీ, కార్డు చూపిస్తే మొదట కనబడ్డదాన్నీ ఎంచుకునే అలవాటు జనానికి ఉంటుంది. వరస మారుతుంటే అది చెల్లాచెదురైపోతుంది.

నాగావళి గారూ, మీ 400 గురించి ఒక చేదు లెక్క. వీధికి 20 ఇళ్లు తీసుకున్నారు. ఒక వీధివాళ్లు కొంత ఒకేలా ఉంటారు, ఒకే ఆదాయం, ఒకే కొట్టు. ఆ పోలిక (అసలు లేకపోతే 0, అందరూ ఒకేలా ఉంటే 1) 0.05 అంత కొంచెమే ఉందనుకుందాం. వీధికి 20లో ఒకటి తీసేస్తే 19, దాన్ని 0.05తో గుణించి 1 కలిపితే 1.95. 400ని దాంతో భాగించాలి. అంటే మీ 400 ఫారాలు విడివిడిగా ఎంచిన 205 మందితో సమానం. తేడా 5 కాదు, దగ్గర దగ్గర 7. వీధికి 5 చొప్పున 80 వీధులు తిరిగుంటే ఇదే 400 చాలా బలంగా ఉండేది. 2000 చేసే డబ్బుంటే దాన్ని వీధుల సంఖ్య మీద పెట్టండి.

టెక్కలి_కిరాణా

మేష్టారూ, మధ్యలో ఒక ప్రశ్న. ఇంట్లో ఎవరైనా మందు తాగుతారా అని అడిగితే నిజం చెప్తారా? ఊరికే అడుగుతున్నాను.

లెక్కల_మేష్టారు

నేరుగా అడిగితే చెప్పరు. 1965లో వార్నర్ అనే ఆయన ఒక దారి చూపాడు. దాని తేలిక రూపం ఇది. మీరు చాటుగా నాణెం ఎగరేయండి. బొమ్మ పడితే ఏదేమైనా ‘అవును’ అనండి, బొరుసు పడితే నిజం చెప్పండి. మీ ‘అవును’ నాణేనిదో మీదో నాకు తెలియదు. వందమందిలో 62 మంది అవునంటే, నాణెం వాటా 50 తీసేయగా 12 మిగిలింది. నిజం చెప్పాల్సిన 50 మందిలో 12, అంటే 24 శాతం. మాల్ట్‌కి మాత్రం దీంతో పని లేదు.

గంటస్తంభం

ఎంచుకున్న ఊళ్ల గురించి కూడా అడగాలి. నరసన్నపేట, టెక్కలి హైవే మీదవి, ఆమదాలవలస రైలు స్టేషను, శ్రీకాకుళం జిల్లా కేంద్రం. 2011 జనగణన ప్రకారం ఆ జిల్లాలో పట్టణ జనం నూటికి 16 మందే. పల్లె ఒక్కటి లేకుండా జిల్లా సర్వే అని పేరెలా పెట్టారు? ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడే ఇళ్లుంటాయి, తెలుగు ఫారం పట్టుకెళ్తే అక్కడ మొహమాటపు జవాబులే వస్తాయి.

జాబితా తీసేటప్పుడు ఇంకో తంటా. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు, కాబట్టి చేతిలో ఉన్నది 2011 జాబితా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక రాజాం విజయనగరంలోకి వచ్చింది, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి పోయింది. పాత జాబితాలో అవన్నీ శ్రీకాకుళమే. జిల్లా పేరు చూసి ఊళ్లు తీస్తే ఎక్కడికో పోతారు. మండలం పేర్లతో సరిచూసుకోండి.

నాగావళి_ఒడ్డు

అందరికీ థ్యాంక్స్. ఓనరు గారితో ఈరోజు మాట్లాడాను. 2000 మాట వదిలేశారు. 400 ఇళ్లే, కానీ 80 చోట్ల, అందులో ఎక్కువ పల్లెలు. రెండు జట్లు, రోజుకూలీ, ట్యాబులు. ప్రశ్నలు 15 దాటకూడదని నేను పట్టుబట్టాను. రుచి ప్రశ్నలు తీసేయడానికి మాత్రం ఆయన ఒప్పుకోలేదు, అవే ఆయనకి ఇష్టమైనవి. చివరికి రెండు ఉంచాం. సాయంత్రం తిరిగేటప్పుడు ఇద్దరిద్దరు, ఆటో మాదే.

ఎప్పుడు మొదలుపెట్టాలన్నది తేలలేదు. బాస్ సంక్రాంతి ముందు వారం అంటున్నారు, అందరూ ఇళ్లలో దొరుకుతారని.

ఫీల్డ్_పిల్ల

సంక్రాంతికి దొరికేవాళ్లలో సగంమంది హైదరాబాదు నుంచో చెన్నై నుంచో వచ్చిన చుట్టాలే అక్కా. "నిన్న పొద్దున్న ఏం తాగారు" అంటే అందరూ అరిసెలు, జంతికల గురించి చెప్తారు. పండగ వెళ్లిన రెండు వారాలకి పెట్టండి. ఎచ్చెర్ల వైపు మనుషులు కావాలంటే నాకు మెసేజ్ చేయండి, నాతో ఇంకో ఇద్దరొస్తారు.

టెక్కలి_కిరాణా

సర్వే అయ్యేలోపు ఒక పని చేయండి. అదే పిండి 10 రూపాయల సాచెట్లు ఒక యాభై, 90 రూపాయల ప్యాకెట్లు పది నా కొట్లో పక్కపక్కన పెట్టండి. ఏది ఏ రోజు పోయిందో నోటుబుక్కులో రాసి ఉంచుతాను. నరసన్నపేటలో మా బావమరిదికీ కొట్టుంది, అక్కడ ప్యాకెట్ ధర 75 చేసి పెట్టి చూడండి. అమ్మకపోతే మాత్రం సరుకు మీరే వచ్చి తీసుకెళ్లాలి, ముందే చెప్తున్నాను.

నాగావళి_ఒడ్డు

తీసుకెళ్తాం అన్నా. సోమవారం మావాళ్లు సరుకుతో వస్తారు. కొట్టు ఎన్నింటికి తీస్తారు?

టెక్కలి_కిరాణా

ఆరున్నరకి. పది దాటితే రద్దీ, ఆలోపే రమ్మనండి.